మానసిక వైద్యం, దాంపత్య కౌన్సెలింగ్, పిస్టల్ షూటింగ్: మూడూ ఒక్కరికే ఎలా సాధ్యం?

మానసిక వైద్యుడిగా పనిచేస్తూ, విడిపోవాలనుకునే దంపతులకు కౌన్సెలింగ్ ఇస్తూ, షూటింగ్ పోటీల్లో పతకాలు కూడా గెలవడం ఒక మనిషికి సాధ్యమేనా అని అడిగారు. హైదరాబాదులో 20 ఏళ్లుగా నేను ఈ మూడూ చేస్తున్నాను. అయితే ఇవి వేర్వేరు పనులన్న మాటను మాత్రం ఒప్పుకోను.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో ఒంటిచేత్తో, 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. పది పాయింట్లు ఇచ్చే వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తామంత. కొన్నేళ్ల క్రితం గచ్చిబౌలి రేంజిలో ఒక పోటీలో, సగం షాట్లు అయ్యేసరికి నా చేయి వణకసాగింది. ఆందోళనతో వణికేవారికి నేనే తరచూ ప్రొప్రనలాల్ రాస్తాను. కానీ ఆ తరహా మందులు షూటర్లకు పోటీ లేని రోజుల్లో సైతం నిషిద్ధం. 43వ షాట్‌కు పిస్టల్ ఎత్తాను. గురి చూసేందుకు గొట్టం కొసన ఉండే ముందు సైటు, వెనక సైటు గాడిలో నిలవలేదు, దించాను. అలా నాలుగుసార్లు ఎత్తి నాలుగుసార్లూ దించాను. వెనక కూర్చున్నవారిలో ఎవరో విసుగ్గా నిట్టూర్చడం స్పష్టంగా వినిపించింది. అయిదోసారి ఊపిరి సగం వదిలి ఆపినప్పుడు సైటు కుదిరింది. వేలు ట్రిగర్‌ను ఎప్పుడు నొక్కిందో నాకే తెలియలేదు. తెర మీద పది పడింది. ఆ ఏడాది 45 ఏళ్లు దాటినవారి విభాగంలో పతకం వచ్చింది.

ఆ తరువాతి వారమే ఒక జంట వచ్చారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి చెబుతున్నాను. అప్పటికే ఇరువైపుల పెద్దమనుషులూ కూర్చుని తప్పెవరిదో తేల్చి పంపారు. ఇలాంటి తీర్పులు కాపురాలకు చేసే చేటు నేను రోజూ చూస్తున్నాను, ఎందుకంటే తప్పు తనదని తేలిన మనిషి ఆ తరువాత నోరు విప్పడు. మా దగ్గరికి రావడాన్ని ‘ఎర్రగడ్డకు వెళ్లడం’ అని ఎగతాళి చేసే బంధువులు దానికి తోడు. భార్య మాట్లాడుతుండగానే ఆ భర్త పెదవులు కదలడం చూసి, ‘నాలుక మీదికొచ్చిన మాటను ఒక్కసారి దించండి, ఊపిరి వదిలి మళ్లీ ఎత్తండి’ అన్నాను. ఆయన మూడుసార్లు ఆగారు. నాలుగోసారి, ‘ఆపరేషన్ రోజు నేను రాకపోవడం తప్పే’ అన్నారు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ రోజు తలుపువైపే చూస్తూ ఎంతసేపు పడుకున్నదీ మొదటిసారి చెప్పారు.

కాపురాలు ఎక్కువగా చెడేది పెద్ద కారణాలతో కాక, తొందరపడి విసిరిన మాటలతోనేనని నా గట్టి నమ్మకం.

ఇక సమయం సంగతి. ఉదయం అయిదున్నరకు పెల్లెట్ లేని పిస్టల్‌తో ఇంట్లో తెల్లగోడకు ఎదురుగా అరగంట నిలబడతాను. ఎత్తడం, నిలపడం, కుదరకపోతే దించడం; ఆ అరగంటలో చేసేది ఇంతే. తొమ్మిదింటికి క్లినిక్ తలుపు తీస్తాను.