దుబాయి నుంచి డబ్బా కట్టే ముందు

చిరంజీవికి పెద్దబాపు ఆశీర్వాదాలు.

దసరాకు చుట్టీ (సెలవు) దొరికిందని మీ బాపు చెప్పినప్పటి నుంచి ఇంట్లో అందరి నోటా నీ ముచ్చటే. మొదటిసారి వస్తున్నావు, ఎవరికేం తేవాలో తెలియక టెన్షన్ పడుతున్నావట, లిస్టు రాసి పంపమన్నావట. లిస్టు రాయడం ఎంతసేపు? కానీ అక్కడ పనివాళ్లు ఉండే క్యాంపు గదుల్లో ఏళ్ల తరబడి ఎందరో డబ్బాలు కట్టడం చూశాను, అవి ఊళ్లో విప్పినప్పుడు ఏమైందో కూడా చూశాను. అందుకని వస్తువుల పేర్ల కంటే ముందు చెప్పాల్సినవి ఉన్నాయి. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను.

మా కాలం లెక్క వేరు బిడ్డా. అప్పట్లో టేప్‌రికార్డరు, టాంగ్ పొడి, నిడో పాల డబ్బా, మెత్తటి దుప్పటి మన ఊళ్లో కంటికి కనబడేవి కావు. ముంబైలో దిగి, బస్సెక్కి, ఒళ్లు హూనమై ఇల్లు చేరేవాళ్లం. ఏది తెచ్చినా అపురూపమే. ఇప్పుడు జగిత్యాల దుకాణాల్లో దొరకని వస్తువు లేదు, కోరుట్లలో దొరకనిది ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొస్తోంది. కాబట్టి ‘ఇక్కడ దొరకదు’ అనుకుని ఏదీ కొనకు. అక్కడ చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువుకూ ఇక్కడి ధర ఎంతో ముందు కనుక్కో. మిక్సీలు, కుక్కర్లు, మామూలు ఫోన్ల ధర చాలాసార్లు అటూ ఇటూగా ఒకటే ఉంటుంది, పైగా చెడిపోతే అక్కడి వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. కరెంటు వస్తువుల్లో ఇంకో చిక్కు ఉంది. వోల్టేజీ మనదాని లాంటిదే గానీ, అక్కడి ప్లగ్గుకు మూడు చదరపు పిన్నులు ఉంటాయి. మన బోర్డులో దూరదు. ఇంట్లోవాళ్లు ఏం చేస్తారో తెలుసా? ప్లగ్గు కోసేసి, రెండు వైర్లను సాకెట్టు రంధ్రాల్లో పెట్టి అగ్గిపుల్లలతో బిగిస్తారు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పని జరగకూడదు. ఇస్త్రీ పెట్టె తెస్తే మొదటి రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్లగ్గు మార్పించు.

కొనేముందు డబ్బు సంగతి. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు ఇంకా కొంత మిగిలుందని మీ బాపు అన్నాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ నడుస్తున్నప్పుడు, రూమ్మేట్ల దగ్గర చేబదులు తీసుకుని మరీ డబ్బా నింపకు. చుట్టీ రోజులకు జీతం వస్తుందో రాదో కంపెనీలో గట్టిగా అడుగు. ఇంటి దగ్గర ఖర్చులకు, తిరిగి వెళ్లాక మొదటి జీతం అందేదాకా అయ్యే ఖర్చుకు పక్కన పెట్టు. మిగిలినదాంట్లో ఇంత అని అనుకుని, ఆ లోపలే కొను. దుబాయి నుంచి వచ్చినవాడు చేతులు ఊపుకుంటూ వస్తే ఊళ్లో ఏమనుకుంటారోనన్న భయం ఉంటుంది, నాకు తెలియనిది కాదు. ఊళ్లోవాళ్ల మాట నాలుగు రోజులే, వడ్డీ మాత్రం నెల నెలా కట్టాల్సింది నువ్వే.

ఇక ఎవరికేం తేవాలి? దుకాణంలో అరలు చూస్తూ ఆలోచిస్తే ఏమీ తోచదు. గదిలో కూర్చుని, ఇక్కడ ఒక్కొక్కరి రోజు పొద్దున లేచింది మొదలు ఎలా గడుస్తుందో తలుచుకో. ఏం తేవాలో దానంతట అదే తెలుస్తుంది.

మీ బాపునే తీసుకో. వాసన స్ప్రే తెస్తే ఆయన పెళ్లిళ్లకు తప్ప వాడడు. అదే రాత్రిపూట పొలం దగ్గర మోటారు వేయడానికి వెళ్లినప్పుడు చూడు. స్టార్టరు డబ్బా తెరవాలంటే రెండు చేతులూ కావాలి, వెలుతురు కోసం ఫోన్‌ను పళ్ల మధ్య కరిచి పట్టుకుంటాడు. కింద గట్టు మీద పాము ఉందో లేదో కనబడదు. ఆయనకు తలకు పెట్టుకునే ఛార్జింగ్ లైటు తే. మంచి కంపెనీది, వానకు తడిసినా పనిచేసేది. దానితో పాటు కాళ్లకు మోకాళ్ల కిందిదాకా వచ్చే రబ్బరు బూట్లు ఇక్కడే కొనివ్వు. అక్కడి నుంచి మోసుకొస్తే బరువు.

మీ అమ్మను అడిగితే ‘నాకేం వద్దు బిడ్డా, నువ్వు మంచిగ రా’ అంటుంది. ఆ మాట పట్టుకుని ఆమెను చివరికి వదిలేస్తారు చాలామంది. డబ్బాలో మిగిలినది ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఆమె రోజంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంది. మెడ వంచి కూర్చుని కూర్చుని సాయంత్రానికి తల తిప్పలేదు, పడుకునే ముందు భుజానికి బామ్ రుద్దుకుంటుంది. టైగర్ బామ్, యాక్స్ నూనె ఆమె పేరు మీదే విడిగా తే. అందరికీ పంచే సంచిలో కలపకు. అందులో కలిపితే చుట్టాలకే ఇచ్చేస్తుంది, తనకు ఉంచుకోదు. ఇంకొకటి, సూదిలో దారం ఎక్కించమని ఈ మధ్య మనవడిని పిలుస్తోంది. కళ్లద్దాలు అక్కడి నుంచి తేవద్దు, చూపు పరీక్ష చేయించకుండా పెట్టుకునేవి కావవి. వచ్చిన మొదటి వారంలోనే జగిత్యాల తీసుకెళ్లి కంటి డాక్టరుకు చూపించు. ఫ్రేము ఆమెనే ఎంచుకోనివ్వు. నీ చుట్టీలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడే కానుక అది, లగేజీలో గ్రాము బరువు కూడా ఉండదు. షుగరు చూసే మిషను గురించి కూడా అడిగావు. అదీ ఇక్కడే కొందాం. మిషను తేలికే, దానిలోకి వేసే స్ట్రిప్పులు మన మెడికల్ షాపులో దొరక్కపోతే అది మూలన పడుతుంది.

అక్కకూ చెల్లెకూ సమానంగా తే. ఈ ఒక్క విషయంలో నీ సొంత లెక్కలు వద్దు. అక్క ఇల్లు కాస్త గడిచే ఇల్లు, చెల్లె ఇబ్బందుల్లో ఉంది, కాబట్టి చెల్లెకు కొంచెం ఎక్కువ అని నీ మనసులో ఉండొచ్చు. ఆ ఎక్కువ తర్వాత చేతికి డబ్బుగా, ఎవరూ లేనప్పుడు ఇవ్వు. అందరి ముందు ఇచ్చేది మాత్రం ఒకే కంపెనీ, ఒకే ధర, వీలైతే ఒకే రంగు. చీరలు అక్కడ కొనకు. సద్దుల బతుకమ్మకు ఇద్దరూ ఇంటికొస్తారు, ముందురోజు వాళ్లను వెంట తీసుకెళ్లి నచ్చినవి ఇక్కడే కొనిపించు. తమ్ముడు వెంట ఉండి కొనిచ్చిన చీర అని అక్క, అన్న కొనిచ్చాడని చెల్లె అత్తగారింట్లో చెప్పుకుంటారు. బావలిద్దరికీ ఒకే రకం గడియారాలు సరిపోతాయి.

కోడలి గురించి కొంచెం ఎక్కువే రాయాలి. నువ్వు లేని ఈ రోజులన్నీ ఇల్లు ఆమె నడిపింది. వడ్డీకి ఇచ్చినాయన వాకిట్లోకి వస్తే జవాబు చెప్పింది, సంఘం కిస్తీలు కట్టింది, పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా మేలుకుంది. ఆమె వస్తువు అందరి ముందు డబ్బా విప్పి ‘ఇదిగో నీకు’ అని అందించేది కాకూడదు. నీ చేతి సంచిలో విడిగా పెట్టుకో. బంగారం తేవాలనుకుంటే, అప్పు తీరేదాకా ఆగుదామా, చిన్నదైనా ఇప్పుడే కొందామా అని ముందు ఆమెనే అడుగు. లెక్కలన్నీ ఆమెకే తెలుసు. కొనేటట్టయితే దేరాలోని బంగారం బజారు, అదే గోల్డ్ సూక్ నుంచి వీడియో కాల్ చేసి డిజైన్ చూపించు. రాళ్లు పొదిగినవి వద్దు. రేపు అవసరానికి ఇక్కడ మార్చబోతే రాళ్ల బరువు తీసేసి లెక్క కడతారు. 22 క్యారెట్లది, 916 ముద్ర ఉన్నది, మజూరీ తక్కువ పడే సాదా గొలుసో గాజులో చూడు. గ్రాము ధర రోజూ బోర్డు మీద రాసి ఉంటుంది, అది అన్ని షాపుల్లో దాదాపు ఒకటే. బేరం ఆడాల్సింది మజూరీ దగ్గర. బిల్లు పారేయకు, ఎయిర్‌పోర్టులోనూ ఇక్కడి కంసాలి దగ్గరా అడుగుతారు.

ఏడాదికి మించి బయట ఉండి వచ్చే మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాముల దాకా నగలు సుంకం లేకుండా తెచ్చుకునే వీలుంది. నగలకే ఆ వెసులుబాటు, బిస్కెట్లకూ కాసులకూ కాదు. 2016 నిబంధనల్లో ఆ నగల విలువకూ పరిమితి ఉండేది, మిగతా సామానుకు 50,000 రూపాయల దాకా మినహాయింపు ఉండేది. ఈ అంకెలు మారుతుంటాయి గనక బయల్దేరే వారంలో కస్టమ్స్ వెబ్‌సైట్ చూసుకో. టీవీ మాత్రం తేకు. 2013 ఆగస్టు నుంచి ఫ్లాట్ టీవీకి మినహాయింపు లేదు, సుంకం కట్టాల్సిందే. పరిమితి దాటింది ఏదైనా ఉంటే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర ఎర్ర దారిలోకి (రెడ్ ఛానెల్) వెళ్లి చెప్పి కట్టేయ్.

ఇది చాలా జాగ్రత్తగా చదువు. ‘మా ఇంటికి ఈ చిన్న పార్సిల్ ఇచ్చెయ్ అన్నా’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. తెలిసినవాడైతే నీ ముందే విప్పి చూపించమను, అన్నీ చూశాక నువ్వే టేపు వెయ్యి. మొహమాటపడకు. ‘టికెట్ డబ్బులు మేమిస్తాం, ఈ గొలుసు వేసుకుని దిగు, బయట మా మనిషి తీసుకుంటాడు’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లతో మాట కూడా కలపొద్దు. పట్టుబడితే జైలుకెళ్లేది నువ్వు, వాళ్లు ఫోన్ కూడా ఎత్తరు.

పిల్లాడికి బట్టలు, చెప్పులు కొనడానికి తొందరపడకు. నువ్వు వెళ్లేటప్పటికి పాకేవాడు, ఇప్పుడు వాకిట్లో సైకిల్ తొక్కుతున్నాడు. కోడలితో చెప్పి వాడి పాదం కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీయించు, పొడుగు టేపుతో కొలిపించి రాసి పంపమను. దానికంటే వేలెడు పెద్ద సైజు తే. బొమ్మల్లో చిన్న బిళ్ల బ్యాటరీలు ఊడి బయటికొచ్చేవి వద్దు, పిల్లలు మింగేస్తారు. వాడికి నువ్వంటే ఫోన్‌లో కనబడే బాపువి. దిగగానే ఎత్తుకోబోతే అమ్మ కొంగు చాటుకు పోతాడు, నీ మనసు చివుక్కుమంటుంది. అప్పుడు బొమ్మ ఆశ చూపించి దగ్గరికి లాక్కోవాలని చూడకు. బొమ్మ తీసి నేల మీద పెట్టి నువ్వే దానితో ఆడుతూ కూర్చో. ఒకటి రెండు రోజుల్లో వాడే వస్తాడు. తెచ్చినవన్నీ మొదటి రోజే బయట పెట్టకు, కొన్ని కోడలి దగ్గర దాచిపెట్టించు.

వాడకట్టు వాళ్లకు, వచ్చిపోయే చుట్టాలకు ఖర్జూరాలు, చాక్లెట్లు చాలు. ఖర్జూరాలు కిలోల లెక్కన తెచ్చి ఇక్కడ పావుకిలో కవర్లు కట్టిస్తే చూడ్డానికి బాగుంటాయి, ఎవరికీ తక్కువ కాదు. పెద్దవాళ్లకు మెత్తటి రకం చూడు, పళ్లు లేనివాళ్లు కూడా తింటారు. చాక్లెట్లు బట్టల మధ్య పెట్టు. శంషాబాద్ నుంచి కారు డిక్కీలో ఇల్లు చేరేదాకా గంటల ప్రయాణం, అంచున పెడితే కరిగిపోతాయి. దోస్తులు మందు సీసా అడుగుతారు. రెండు లీటర్ల దాకా తేవచ్చని నిబంధన ఉంది గానీ, నా మాట వింటే తేకు. సీసా వచ్చిందంటే మొదటి సాయంత్రమే నిన్ను ఇంట్లోంచి లాక్కెళ్తారు.

నీ లిస్టులో లేనివాళ్లను కూడా గుర్తు చేసుకో. పోయిన వానాకాలం మీ అమ్మకు ఛాతీలో నొప్పి వచ్చిన రాత్రి, పక్కింటాయన పొలం పని చేసి అలసిపోయి పడుకున్నవాడు లేచి, బురదలో ఆటో కదలకపోతే తన ట్రాక్టరు మీద రోడ్డుదాకా తెచ్చాడు. ఆసుపత్రిలో తెల్లారేదాకా బయట బల్ల మీద కూర్చున్నాడు. ఈ సంగతి అప్పుడు నీకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు, భయపడతావని. ఆయనకు డబ్బు ఇవ్వబోకు, నొచ్చుకుంటాడు. చలికాలంలో కల్లం దగ్గర వడ్ల కుప్పకు కాపలా పడుకుంటాడు కదా, ఒక మంచి దుప్పటి తే. దుప్పటి బరువెక్కువ, లగేజీలో చాలా చోటు తీసుకుంటుంది, అయినా అది ఒక్కటి మాత్రం తే. ఎవరి చేతో పంపకు. నువ్వే తీసుకుని వాళ్లింటికి వెళ్లి, కాసేపు కూర్చుని, చాయ్ తాగి రా.

డబ్బా కట్టేటప్పుడు టికెట్ మీద ఎన్ని కిలోలు రాసుందో చూడు, డబ్బా బరువు కూడా అందులోనే లెక్క. గదిలోనే తూచుకుంటే కౌంటరు ముందు అందరి కళ్లెదుట విప్పి సర్దుకునే బాధ ఉండదు. గుండ్రంగా మూటకట్టిన సామాను దుబాయి ఎయిర్‌పోర్టులో తీసుకోరు, ఒకవైపైనా చదునుగా ఉండాలి. స్ప్రేలు, అత్తరు పెద్ద డబ్బాలో, పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చేతి సంచిలో. ఒక్కొక్కరివి ఒక్కో కవరులో పెట్టి పేరు రాయి. వచ్చిన రాత్రే నడింట్లో డబ్బా విప్పొద్దు. చూడ్డానికి వచ్చినవాళ్లు చూస్తుండగా విప్పితే, ఎవరికో అనుకున్నది ఇంకెవరి చేతిలోకో పోతుంది, అడిగినవాళ్లకు కాదనలేవు. స్నానం చేసి, తిని, పడుకో. తెల్లారి మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని విప్పు.

తిరిగి వెళ్లేటప్పటి సంగతి కూడా ఇప్పుడే చెబుతున్నా, మీ అమ్మకూ చెప్పాను. మసాలాల్లో గసగసాలు పెట్టొద్దు. మనకు వంటింటి దినుసు, అక్కడ అది మాదకద్రవ్యం కింద లెక్క, జైలుకు కూడా పంపొచ్చు. నొప్పి మాత్రలు, దగ్గు మందుల్లో కూడా కొన్నింటికి అక్కడ ముందే అనుమతి తీసుకోవాలి. సకినాలు, పచ్చళ్లు ఎన్నయినా కట్టిస్తాం.

టికెట్ చేతికి రాగానే ఫ్లైటు దిగే టైము పంపు. పండుగ రోజుల్లో కార్లు దొరకవు, నేను ముందే మాట్లాడి పెడతాను.

మీ పెద్దబాపు