టేబుల్ సా మీద చెక్క వెనక్కి ఎందుకు తన్నుతుంది?

మీరు రాసింది చదివాను. సెకండ్ హ్యాండ్‌లో పది అంగుళాల టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి వచ్చి తిరిగే మిషన్, కొన్నారు, వేప పలకను నిలువునా కోస్తుంటే సగంలో వెనక్కి ఎగిరి గోడకు తగిలింది, అప్పటి నుంచి స్విచ్ వేయాలంటేనే టెన్షన్‌గా ఉంది, తప్పు చెక్కదా మిషన్‌దా అని అడిగారు. రెండింటిదీ ఉండొచ్చండి. కానీ ముందు ఒకటి చూడండి. బ్లేడు వెనకాల, బ్లేడుకు సూటిగా నిలబడి ఉండాల్సిన పల్చటి ఇనుప రేకు, రైవింగ్ నైఫ్ అంటారు, అది మీ మిషన్‌కి ఉందా? నేను చూసిన పాత మిషన్లలో చాలావాటికి దాన్ని ఎవరో తీసి పారేసి ఉన్నారు.

నేనూ తీసేశాను. రావులపాలెం దగ్గర మా షెడ్డులో, ఎనిమిదేళ్ల క్రితం, గాడి తీయడానికి అడ్డొస్తోందని విప్పి అటక మీద పెట్టి మళ్లీ బిగించలేదు. ఆగస్టు నెల, ముసురు పట్టిన రోజు, గుమ్మానికి వేప చెక్క కోస్తున్నాను. పైకి ఆరినట్టే ఉంది, లోపల పచ్చి. రెండడుగులు వెళ్లేసరికి కోసిన సందు వెనకాల మూసుకుపోయి బ్లేడును పట్టేసింది. మోటారు చప్పుడు మారడం ఒక్కటే గుర్తుంది, ఆ తర్వాత పలక వచ్చి బొడ్డు పక్కన తగిలింది, దాన్ని తోస్తున్న ఎడమ చెయ్యి ఆనడానికి ఏమీ లేక బ్లేడు మీదికి జారింది. బొటనవేలు మిగిలింది గానీ గోరు చీలిపోయి ఏడు కుట్లు పడ్డాయి. ఇప్పటికీ చలికాలం పొద్దున్నే ఉలి పట్టుకుంటే ఆ వేలి కొస తిమ్మిరెక్కుతుంది.

బ్లేడు ముందు పళ్లు కిందికి దిగుతూ కోస్తాయి కాబట్టి చెక్కను బల్లకు అదిమి ఉంచుతాయి. వెనక పళ్లు పైకి లేస్తూ మన వైపు తిరుగుతాయి. చెక్క పక్కకు జరిగి వాటికి తగిలినా, మూసుకుని వాటిని పట్టుకున్నా, ఎత్తి మన మీదికే విసురుతాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పంటి కొస వేగం సెకనుకు దాదాపు 53 మీటర్లు, అంటే గంటకు 190 కిలోమీటర్లు. చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఎవరికీ దొరకదు. వెనకాల ఆ రేకు ఉంటే సందు మూసుకోదు, చెక్క వెనక పళ్ల మీదికి జరగదు. అది బ్లేడు రేకు కంటే మందంగా, పళ్లు కోసే వెడల్పు కంటే పల్చగా ఉండాలి, పళ్లకు 8 మిల్లీమీటర్ల లోపు దూరంలో నిలబడాలి. బ్లేడు మార్చినప్పుడల్లా ఈ కొలతలు మళ్లీ చూసుకోండి.

తర్వాత ఫెన్స్, అంటే కోసేటప్పుడు చెక్కను ఆనించి తోసే బ్లేడు పక్కనున్న నిలువు పట్టీ. బ్లేడు మీద ఒక పంటికి పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ పన్ను ముందున్నప్పుడు ఫెన్స్‌కి ఎంత దూరమో, చేత్తో తిప్పి వెనక్కి తెచ్చాక ఎంత దూరమో కొలవండి, ప్లగ్ పీకేసి మాత్రమే. వెనక దూరం తక్కువ వస్తే మీ పలక ఎగరడానికి అదే కారణం కావొచ్చు.

ఇక మన చెక్క సంగతి. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని పెద్దవాళ్లు చెప్పే లెక్క మన గాలి తేమలో ఇంకా ఎక్కువే పడుతుంది, కాలవ గట్టున పడిన చెట్టు కోయించి ఆరు నెలలకే మిషన్ ఎక్కిస్తే ఇలాగే పట్టేస్తుంది. కొబ్బరి మొద్దు అయితే మరీ జాగ్రత్త, వెలుపల రాయిలా ఉండి నడుమ మెత్తగా ఉంటుంది, మామూలు ఉక్కు పళ్లు త్వరగా మొండి అవుతాయి, మొండి బ్లేడుతో మనం బలంగా తోస్తాం, చెయ్యి జారేది అప్పుడే. కార్బైడ్ పళ్ల బ్లేడు వాడండి. నిలువు కోతకు 24 పళ్లది, అడ్డకోతకు 60 పళ్లది.

కోస్తుండగా సందు మూసుకుంటోందనిపిస్తే చెక్కను వెనక్కి లాగకండి. అలాగే పట్టుకుని మోకాలితోనో, పక్కన ఉన్నవాళ్ల చేతో మోటారు ఆపించి, బ్లేడు పూర్తిగా నిలిచాక సందులో సన్నటి చెక్కముక్క దూర్చి మళ్లీ మొదలుపెట్టండి. అందుకే స్విచ్ మోకాలికి అందేలా ఉండాలి.

కరెంటు గురించి ఎవరూ చెప్పరు. కోత మధ్యలో కరెంటు పోతుంది, చెక్క తీసేసి టీకి వెళ్తాం, స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, తిరిగొచ్చి బ్లేడు దగ్గర పొట్టు ఊడుస్తుంటే కరెంటు వస్తుంది. పొలం మోటార్లకు వాడే పచ్చ బటన్, ఎర్ర బటన్ స్టార్టర్ పెట్టించండి, కరెంటు పోతే దానంతటదే పడిపోతుంది, మళ్లీ నొక్కితేనే లేస్తుంది. పొలంలో పెట్టే ఆటో స్టార్టర్ మాత్రం వద్దే వద్దు, అది కరెంటు రాగానే తనే మోటారు తిప్పేస్తుంది.

లుంగీ, మెడలో తువ్వాలు, చేతికి గ్లవ్స్, ఏవీ వద్దు. గ్లవ్స్ రక్షణ అనుకుంటారు గానీ పన్ను గుడ్డను పట్టుకుంటే చెయ్యిని లోపలికి లాగేస్తుంది. బ్లేడు చెక్క పైకి పంటి ఎత్తు మాత్రమే కనపడాలి. బ్లేడుకు సూటిగా కాకుండా కాస్త ఎడమకు నిలబడండి. ఆఖరి అడుగు కోతను చేత్తో తోయకండి, కొసన గాడి చెక్కిన కర్రతో తోయండి, రెండు కర్రలు చేసి ఫెన్స్ పక్కనే మేకుకు వేలాడదీయండి, చేతికి అందకపోతే ఎవరూ వాడరు.

రైవింగ్ నైఫ్ విడిగా దొరకడం లేదనుకోండి, మీ మిషన్ మోడల్, బ్లేడు రేకు మందం, పళ్లు కోసే వెడల్పు కొలిచి కింద రాయండి. మా షెడ్డులో ఉక్కు రేకుతో కోయించుకున్న కొలతలు ఉన్నాయి, మీ బ్లేడుకు సరిపోతాయో లేదో చూసి చెబుతాను. అది బిగించే దాకా వేప జోలికి వెళ్లకండి.