మెడికేర్ అడ్వాంటేజ్ నుంచి వెనక్కి రావచ్చా?

ప్రశ్న: అమెరికాలో మాతో ఉంటున్న మా నాన్నగారికి 71 ఏళ్లు. మూడేళ్లుగా మెడికేర్ (ప్రధానంగా 65 దాటినవారికి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉన్నారు. ఆయనను చూసే గుండె వైద్యుడు ఇప్పుడు ఆ ప్లాన్ పరిధిలో లేరు. ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్‌కు ఎప్పుడు మారవచ్చు?

జవాబు: ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు మారవచ్చు, కొత్త కవరేజీ జనవరి 1 నుంచి అమలవుతుంది. ఇప్పటికే అడ్వాంటేజ్‌లో ఉన్నవారికి జనవరి 1 నుంచి మార్చి 31 వరకు కూడా ఒకసారి మారే వీలుంది. మందుల కోసం పార్ట్ డి ప్లాన్‌ను విడిగా తీసుకోవడం మరవకండి.

అయితే నన్ను కలవరపెట్టేది గడువు కాదు, మెడిగాప్ (ఒరిజినల్ మెడికేర్‌కు తోడుగా ప్రైవేటు కంపెనీలు అమ్మే అదనపు బీమా). ఒరిజినల్ మెడికేర్‌లో పార్ట్ బి (డాక్టర్ల, ఔట్‌పేషెంట్) సేవలకు సాధారణంగా 20 శాతం రోగే భరించాలి, పైగా ఏడాది ఖర్చుకు గరిష్ఠ పరిమితి లేదు. ఆ భారాన్ని తగ్గించే మెడిగాప్ పాలసీని, 65 ఏళ్లు నిండి పార్ట్ బి మొదలైన తొలి ఆరు నెలల్లోనైతే ఆరోగ్య కారణాలతో నిరాకరించకూడదు గానీ, ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో కంపెనీలు పాత జబ్బులను చూపి తిరస్కరించవచ్చు లేదా ప్రీమియం పెంచవచ్చు. అడ్వాంటేజ్‌లో మొదటిసారి చేరినవారికి కొన్ని సందర్భాల్లో ఉండే, 12 నెలల్లోపు వెనక్కి వచ్చి నిరాకరణ లేకుండా మెడిగాప్ పొందే వెసులుబాటు కూడా మీ నాన్నగారికి దాటిపోయింది. న్యూయార్క్, కనెక్టికట్ వంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఈ చిక్కు లేదు.

కాబట్టి మెడిగాప్ దరఖాస్తు ఆమోదం పొందేవరకు దయచేసి ఇప్పటి ప్లాన్‌ను వదులుకోకండి. అది దొరకకపోతే, ఆ వైద్యుడు ఉన్న మరో అడ్వాంటేజ్ ప్లాన్‌కు ఇవే గడువుల్లో మారవచ్చు. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ప్రభుత్వ సహాయ కార్యక్రమం సలహాదారులు ఉచితంగా మార్గం చూపుతారు.