టైటిల్ వన్ స్కూల్ అంటే చెడ్డ స్కూలా? ఆ రెండు ఫారాలూ నింపాలా?

మీ ప్రశ్న చదవగానే దాదాపు పదేళ్ళ కిందటి మా ఇల్లే గుర్తొచ్చింది. మీరు డాలస్ పక్కకి కొత్తగా వచ్చారు. పాపని వేసిన ఎలిమెంటరీ స్కూలు పేరు పక్కన ‘టైటిల్ వన్’ (తక్కువ ఆదాయం ఇళ్ళ పిల్లలు ఎక్కువగా ఉన్న స్కూళ్ళకి ఫెడరల్ ప్రభుత్వం అదనంగా ఇచ్చే డబ్బు) అని ఉంది. "అది బీదవాళ్ళ బడి, లీజు అయిపోగానే వేరే చోటికి వెళ్ళిపోండి" అని తెలిసినవాళ్ళు చెవినిల్లు కట్టుకుని చెబుతున్నారు. పాప బ్యాగులో రెండు ఫారాలు వచ్చాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒకటి, ఇంటి ఆదాయం ఎంతని ఒకటి. మొదటిదాంట్లో ఇంగ్లీష్ అని రాసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అంటున్నారు.

వదలదండీ. నేను సరిగ్గా అదే చేశాను.

2016లో మా వాడు కిండర్‌గార్టెన్‌లో చేరాడు. ఇంట్లో మొత్తం తెలుగే. పైగా అప్పుడు మా అత్తగారు ఆరు నెలలు ఉందామని వచ్చారు, వాడికి అన్నం, ఆటలు, కథలు అన్నీ ఆవిడతోనే. అయినా ఫారంలో ఏ భాష అని అడిగిన ప్రతిచోటా ఇంగ్లీష్ అని రాశాను. ఏబీసీడీలు వచ్చు, ఐప్యాడ్ చూసి రైమ్స్ పాడతాడు, మా వాడికి ఈఎస్ఎల్ (ఇంగ్లీషు రాని పిల్లలకి విడిగా నేర్పే క్లాసు) ఏంటని నా పొగరు. అక్టోబర్ చివర్లో టీచరు పిలిచింది. క్లాసులో నోరు విప్పడట. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే లేచి తలుపు దగ్గర నిలబడతాడట, ఎవరో ఒకరు చూసి పంపేదాకా అలాగే. చెవుల పరీక్ష చేయించమంది. చేయించాం, చెవులు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు మెల్లగా అడిగింది, "ఇంట్లో నిజంగా ఇంగ్లీషేనా?" అని. ఫైల్లో నా సంతకంతో ఇంగ్లీష్ అని ఉంది కాబట్టి వాడికి ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే పరీక్షే పెట్టలేదు. దాన్ని సరిచేయించి, చిన్న గ్రూపులో కూర్చోబెట్టేసరికి క్రిస్మస్ సెలవులు వచ్చేశాయి. తర్వాత మూడో క్లాసుకల్లా ఈఎస్ఎల్ నుంచి బయటికొచ్చాడు, ఆ మరుసటేడు గిఫ్టెడ్ ప్రోగ్రాంకి కూడా తీసుకున్నారు. ముద్ర పడిపోతుందని భయపడేవాళ్ళ కోసం చెబుతున్నా.

ఆ ఫారం వెనక కథ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ పిల్లలకి పాఠాలు అర్థం కావడం లేదని కేసు వేస్తే, అందరికీ ఒకే పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే పిల్లలకి సాయం కావాలా అని స్కూలు వెతికి తీరాలి. సాయం వద్దనే హక్కు మీకుంది, కానీ ఆ పరీక్ష మాత్రం గట్టెక్కేదాకా ఏటా రాయాల్సిందే. ఈ పని కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే టైటిల్ త్రీ డబ్బు దేశం మొత్తానికి ఏడాదికి సుమారు 89 కోట్ల డాలర్లు. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు 50 లక్షల పైమాటే. భాగించి చూడండి, ఒక్కో పిల్లవాడికి రెండొందలు కూడా రాదు. మిగతాదంతా స్టేటూ, ఆ ప్రాంతం స్కూళ్ళని నడిపే స్కూల్ డిస్ట్రిక్టూ పెట్టుకోవాలి.

హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్యాభర్తలకి ఇచ్చే పని అనుమతి) వచ్చాక నేనే వేరే స్కూల్లో ఎయిడ్‌గా, అంటే టీచరుకి సాయంగా చేరాను, నాలుగేళ్ళు చేశాను. నా జీతం టైటిల్ వన్ డబ్బులోంచి వచ్చేది. ఆరు నెలలకోసారి ఒక కాగితం ముందు పెట్టేవారు, ‘ఈ ఆరు నెలలూ ఈ ప్రోగ్రాం పనే చేశాను’ అని సంతకం పెట్టమని. గదిలో ప్రతి క్రోమ్‌బుక్ వెనకా ఏ గ్రాంటుతో కొన్నారో స్టిక్కర్. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అర్థమైంది, డిస్ట్రిక్టు ఎలాగూ పెట్టాల్సిన ఖర్చుని తప్పించుకోవడానికి ఈ డబ్బు వాడకూడదు, దానికి అదనంగానే ఉండాలి. రూలు అది. ఆఫీసు జిరాక్స్ మెషీన్‌కి ఇంకు అయిపోయినా ఇందులోంచి తీయడానికి లేదు. నేను చేసిందల్లా వంపు టేబుల్ చుట్టూ నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని రోజూ అరగంట చదివించడం. ఆ అరగంట, టైటిల్ వన్ లేని స్కూళ్ళలో చాలాచోట్ల ఉండదు.

కాబట్టి టైటిల్ వన్ అనేది మార్కు కాదు, చదువు బాగోలేదని ఇచ్చిన సర్టిఫికెట్ అంతకన్నా కాదు. ఆ చుట్టుపక్కల తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలు ఎక్కువమంది ఉన్నారని మాత్రమే దానర్థం. సెన్సస్ బ్యూరో పేదరికం లెక్కల్ని బట్టి డబ్బు డిస్ట్రిక్టుకి వస్తుంది. డిస్ట్రిక్టు తన స్కూళ్ళని వరసలో పెట్టి పంచుతుంది, తక్కువ ఆదాయం పిల్లలు 75 శాతం పైన ఉన్నవాటికి ముందు ఇవ్వాలి. 40 శాతం దాటిన స్కూలైతే మొత్తం స్కూలు కోసం ఖర్చు పెట్టుకోవచ్చు, అంటే మీ పాపకీ అందుతుంది. దేశం మొత్తం మీద ఇది ఏటా సుమారు 1,800 కోట్ల డాలర్లు. పెద్ద అంకెలా ఉంటుంది కానీ, మామూలు ఏడాదుల్లో స్కూళ్ళ ఆదాయంలో ఫెడరల్ వాటా అన్నీ కలిపినా పదో వంతుకి కాస్త అటూఇటూ. మిగతాది స్టేటు డబ్బు, మనం తిట్టుకుంటూ కట్టే ప్రాపర్టీ టాక్సు.

టైటిల్ వన్ తెచ్చిన చట్టం మీద సంతకం మన టెక్సాస్‌లోనే జరిగిందని చాలామందికి తెలీదు. మొన్న బ్లూబానెట్స్ పూసినప్పుడు పిల్లల్ని తీసుకుని స్టోన్‌వాల్ దగ్గర అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చిన్నప్పుడు చదువుకున్న ఒంటిగది బడి చూసొచ్చాం. 1965 ఏప్రిల్ 11న ఆ బడి బయట, చిన్నప్పటి టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని సంతకం పెట్టాడాయన. అంతకు ముందు 1928లో టెక్సాస్‌లోనే కొటుల్లా అనే ఊళ్ళో మెక్సికన్ పిల్లలకి పాఠాలు చెప్పాడు, ఆకలితో బడికొచ్చే పిల్లల్ని కళ్ళారా చూశాడు. మా వాడికి ఆ బడికన్నా పక్కనున్న ఆవులే నచ్చాయనుకోండి.

ఇక ఆదాయం ఫారం. 2025-26కి నలుగురి కుటుంబానికి ఏడాదికి 41,795 డాలర్ల లోపైతే పిల్లలకి స్కూల్లో భోజనం ఉచితం, 59,478 లోపైతే 40 సెంట్లకి మించి తీసుకోకూడదు. మీ ఇంట్లో ఒక్క హెచ్1బీ జీతం ఉన్నా బహుశా దాటిపోతారు, అప్పుడు ఆ ఫారంతో మీకు పనిలేదు. కానీ మీ పక్కింట్లో పీహెచ్‌డీ చేసే అబ్బాయి, భార్యా పిల్లలతో అసిస్టెంట్‌షిప్ మీద బతుకుతుంటే? నాకు తెలిసిన ఇద్దరు సిగ్గుపడి నింపలేదు, గ్రీన్‌కార్డుకి అడ్డం వస్తుందని ఒకరు, "అడుక్కోవడం ఏంటి" అని ఇంకొకరు. పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని గ్రీన్‌కార్డుకి చూసే) లెక్కలోకి స్కూలు భోజనం 2019 రూలులోనూ రాలేదు, 2022 రూలులోనూ రాలేదు. పైగా ఆ ఫారాల్లో తేలే పిల్లల సంఖ్య తిండితో ఆగదు. చాలా డిస్ట్రిక్టులు స్కూళ్ళని వరసలో పెట్టేదీ, ఈ-రేట్ అనే ఫెడరల్ పథకం కింద స్కూలు ఇంటర్నెట్ బిల్లుకి ఎంత తగ్గింపు రావాలో చూసేదీ దాన్నిబట్టే. అర్హత ఉండీ నింపని ప్రతి ఇల్లూ స్కూలుకి ఒక లోటు.

మాట ఆలస్యంగా వచ్చే పిల్లలుంటే అది వేరే చట్టం, వైకల్యమున్న పిల్లల చదువు కోసం 1975లో వచ్చింది. మా చిన్నదానికి స్పీచ్ థెరపీ స్కూల్లోనే, పైసా తీసుకోకుండా. అలాంటి ఒక్కో పిల్లవాడికి, దేశంలో ఒక విద్యార్థికయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామని ఫెడరల్ ప్రభుత్వం అప్పుడు మాటిచ్చింది. ఇప్పటికీ అందులో సగం కూడా ఇవ్వడం లేదు. అయినా డబ్బు లేదని స్కూలు మీకు కాదనకూడదు. రాతపూర్వకంగా అడగండి, నోటిమాటకి రుజువు ఉండదు.

ఈ డబ్బు నిలకడగా వస్తుందా అంటే, అనుమానమే. కోవిడ్‌కి మూడు విడతల్లో ఇచ్చిన దాదాపు 19,000 కోట్ల డాలర్ల గడువు 2024 సెప్టెంబర్‌తో తీరింది, మాతో పనిచేసినవాళ్ళలో కొందరి పోస్టులు దాంతోనే పోయాయి. 2025లో జూలై 1న రావాల్సిన 680 కోట్ల డాలర్ల దాకా వాషింగ్టన్‌లో ఆపేశారు, టైటిల్ త్రీ కూడా అందులోనే. ఆ నెలంతా మా ఎయిడ్‌ల వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్, "ఆగస్టులో మనం ఉంటామా?" నెలాఖరుకి వదిలారు. నేను పైన చెప్పిన, స్కూళ్ళకి పంచే టైటిల్ వన్ డబ్బు జోలికి అప్పుడు రాలేదు.

ఇల్లు మారాలా అంటే, ఆ ఒక్క పదం చూసి మాత్రం మారకండి. టీచర్లు ఏటా మారిపోతున్నారా, క్లాసులో ఎంతమంది, చదివించే ఎయిడ్ ఉందా, అవి అడగండి. టైటిల్ వన్ స్కూళ్ళలో ఏటా తల్లిదండ్రుల మీటింగ్ పెట్టి తీరాలి, సాధారణంగా సెప్టెంబర్ ప్రాంతంలో ఉంటుంది. డిస్ట్రిక్టుకి 5 లక్షల డాలర్ల పైన వస్తే అందులో కనీసం ఒక శాతం తల్లిదండ్రుల కోసమే పెట్టాలి, ఎలా పెట్టాలో చెప్పే హక్కు మనకుంది. ముప్పై మంది తెలుగు పిల్లలున్న స్కూల్లో ఆ మీటింగ్‌కి తెలుగువాళ్ళం నేనూ ఇంకొకావిడా, అంతే. ఒకసారి మా అత్తగారు కూడా వస్తానంటే ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "పిల్లలకి పాలు చల్లగా ఎందుకిస్తారు?"

వెళ్ళి రండి. డోనట్లు ఎప్పుడూ మిగిలిపోతాయి.