జీడిపప్పు పడని బాబుకు పల్లీలు కూడా మానిపించాలా?

ప్రశ్న: మాది వనపర్తి జిల్లా. మా బాబుకు ఐదేళ్లు. మొన్న చుట్టాలింట్లో జీడిపప్పు వేసిన సేమియా పాయసం తిన్నాడు. పది నిమిషాల్లో పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అంతకుముందు కాజు బర్ఫీ తిన్నప్పుడు కూడా మూతి దురద పెడుతోందన్నాడు. ఇక పల్లీలు, నువ్వులు, కొబ్బరి, మామిడిపండు అన్నీ మానిపించమని అందరూ చెబుతున్నారు. మేం యాసంగిలో పల్లి వేస్తాం, ఇంట్లో రోజూ పల్లి చట్నీ ఉండాల్సిందే. ఏం పెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఎనిమిది నెలల పాప కూడా ఉంది. తనకు పల్లీలు అలవాటు చేయొచ్చా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, పాలు, సేమియా బాబు మామూలుగా తింటూనే ఉంటాడు కాబట్టి అనుమానమంతా జీడిపప్పు మీదే. పరీక్షలయ్యే దాకా దాన్ని పూర్తిగా ఆపేయండి. పడుతుందేమో చూద్దామని ఇంట్లో చిన్న ముక్క కూడా పెట్టొద్దు. పల్లీలు మాత్రం ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా తింటున్నాడంటే మానిపించకండి. పడుతున్న తిండిని అనవసరంగా నెలల తరబడి ఆపితే, మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొందరు పిల్లల్లో దానికి కొత్తగా ఎలర్జీ రావచ్చు.

డబ్బాలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఈ గింజలన్నీ చుట్టాలు కావు. పల్లి మీ కంది, పెసర, శనగల కుటుంబంలోది. పువ్వు నేల పైన పూసి, ఊడ మట్టిలోకి దిగాక కాయ కడుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. జీడిమామిడి కూడా ఆ ఖండం నుంచే, బ్రెజిల్ ఈశాన్య తీరం నుంచి, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లతో మన దేశానికి వచ్చింది. కానీ దాని కుటుంబం వేరు. అందులో మామిడి, పిస్తా ఉన్నాయి. నల్లమలలో చెంచులు ఏరి తెచ్చే సారపప్పు, అంటే మొర్రిపండు గింజ, అదీ ఈ కుటుంబమే.

మీకు పనికొచ్చే విషయం ఇక్కడే ఉంది. జీడిపప్పులోనూ పిస్తాలోనూ ప్రోటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే జీడిపప్పు పడని పిల్లల్లో ఎక్కువమందికి పిస్తా కూడా పడదు. బాబు ఇప్పటిదాకా పిస్తా తినకపోయినా సరే, పెట్టకండి. కుల్ఫీ, బాదం పాల మీద చల్లే పలుకులు గమనించండి. సారపప్పు కూడా డాక్టర్ చూసేదాకా దూరంగా ఉంచడమే మంచిది.

మామిడిపండు సంగతి వేరు. ఎలర్జీ తెచ్చే ప్రోటీన్లు జీడిమామిడిలో గింజలో ఉంటాయి. మామిడిలో మనం తినేది గుజ్జు. జీడిపప్పు పడనివాళ్లలో చాలామంది మామిడిపండు హాయిగా తింటారు. బాబు పోయిన వేసవిలో తిన్నాడంటే ఈసారి కొల్లాపూర్ మామిడి వచ్చినప్పుడు కూడా పెట్టండి. కాయ కడిగి, తొక్క తీసి, ముక్కలు కోసి ఇవ్వండి. సొన తగిలి మూతి చుట్టూ పుండ్లు పడటం వేరే రకం ఎలర్జీ, అది చర్మానికి సంబంధించింది. నల్లజీడి రసం మోకాళ్లకు రాసుకుంటే బొబ్బలెక్కేది కూడా మామిడి సొనలో ఉండేలాంటి నూనెల వల్లే. నొప్పులకని దయచేసి ఎవరూ దాన్ని రాయొద్దు.

నువ్వులది ఇంకో కుటుంబం, కొబ్బరిది తాటి, ఈతల కుటుంబం. సకినాలు, కొబ్బరి పచ్చడి తింటూ ఉన్నాడంటే అలాగే తిననివ్వండి. బాదం గులాబీ కుటుంబంలోది, అక్రోట్లది మరొకటి. అయితే చుట్టరికం లేకపోయినా ఒక గింజ పడని పిల్లలకు ఇంకోటి కూడా పడకపోవడం ఉంటుంది. కాబట్టి ఇప్పటిదాకా తిననివి పరీక్షయ్యాకే మొదలుపెట్టండి.

పరీక్ష విషయంలో ఒక మాట. పిల్లల ఎలర్జీలు చూసే డాక్టర్‌కు చూపించి, ఆయన అడిగిన గింజలకే చర్మ పరీక్ష గానీ ఐజీఈ (ఎలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) రక్త పరీక్ష గానీ చేయించండి. వంద పదార్థాల ప్యాకేజీ వద్దు. రిపోర్టులో పాజిటివ్ వచ్చినా, తిన్నప్పుడు ఏమీ కాకపోతే దాన్ని ఎలర్జీ అనలేం. అలాంటి రిపోర్టు పట్టుకుని పిల్లల నోరు కట్టేయడం చూస్తే నాకు బాధేస్తుంది.

మొన్న జరిగింది చిన్న విషయం కాదు. దద్దుర్లు, వాపుతో పాటు వాంతులు కూడా అయ్యాయంటే అది తీవ్రమైన ఎలర్జీయే. మళ్లీ అలా జరిగినా, ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, మత్తుగా వాలిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బాబును పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి, నడిపించకండి. ప్రాణం కాపాడేది తొడ కండరానికి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్. సెట్రిజిన్ సిరప్ దద్దుర్లు తగ్గిస్తుంది గానీ ఆయాసాన్ని ఆపలేదు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల్లో మళ్లీ రావచ్చు, కాబట్టి డాక్టర్ పంపేదాకా ఆసుపత్రిలోనే ఉండండి. ఎడ్రినలిన్ దగ్గర ఉంచుకోవాలా, ఎలా వేయాలి అన్నది మీ డాక్టర్ దగ్గర నేర్చుకోండి.

పెళ్లి భోజనాల్లో చిక్కటి గ్రేవీ కూరలకు జీడిపప్పు ముద్ద కలుపుతారు, పైకి కనబడదు. వంటవాళ్లను అడగకుండా పెట్టకండి. బడిలో టీచర్‌కు కూడా రాసివ్వండి.

ఇక పాప. 2015లో వెలువడిన లండన్ పరిశోధనలో ఎలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లల్ని గమనించారు. నెలల వయసు నుంచే పల్లి తిన్నవాళ్లలో ఐదేళ్లకు పల్లి ఎలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది. పాపకు తీవ్రమైన గజ్జి లాంటి ఎగ్జిమా, గుడ్డు ఎలర్జీ లేకపోతే, వేయించిన పల్లీల మెత్తటి పొడి పావు చెంచా గంజిలోనో పెరుగులోనో పల్చగా కలిపి, పగటిపూట పెట్టి రెండు గంటలు గమనించండి. ఏమీ కాకపోతే కొద్దికొద్దిగా పెంచుతూ వారానికి రెండు మూడుసార్లు ఇవ్వండి. ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. పల్లి గింజ మాత్రం ఐదేళ్లు నిండేదాకా నోట్లో పెట్టకండి, గొంతులో అడ్డం పడుతుంది.