మెచ్చుకుంటే ఉద్యోగులు నిజంగా బాగా పనిచేస్తారా?

చేస్తారు. కాకపోతే ఆ తేడా ఎక్కువ గంటల్లోనో, ఎక్కువ పనిలోనో వెతికితే దొరక్కపోవచ్చు. మా దగ్గర అది వేరేచోట బయటపడింది.

హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో ఆరేళ్ళు చేశాను. పాత మేనేజరు పిలిచారంటే ఏదో తప్పు దొరికిందనే లెక్క. ఓ నైట్ షిఫ్ట్‌లో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో కొలిచే యంత్రం) మీద శాంపిల్స్ నడుస్తుంటే, అందులో కాలమ్ అనే గొట్టం ప్రెజర్ మెల్లగా పెరగడం మొదలైంది. ఆపితే ఇన్సిడెంట్ అని, ఏం తేడా జరిగిందో రాయాలి, పొద్దున్నే సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకే ఇలాంటప్పుడు చాలామందిమి చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళం. ఆ రాత్రి ఎందుకో ఆపేసి లాగ్‌బుక్‌లో రాశాను.

కొత్త మేనేజరు వచ్చి అప్పటికి నెల కాలేదు. పొద్దున షిఫ్ట్ అప్పగించే హ్యాండోవర్ టైముకి వచ్చి, లాగ్‌బుక్ తిరగేసి, అందరి ముందూ "రెండున్నరకి చూసి ఆపావు కాబట్టి కాలమ్ దక్కింది, మిగతా శాంపిల్స్ పాడవలేదు" అన్నారు. ఇంకేమీ అనలేదు, పక్క పేజీకి వెళ్ళిపోయారు. రోజూ ఎక్కగానే నిద్రపోయే కంపెనీ బస్సులో ఆ రోజు ఇంటిదాకా మెలకువగానే ఉన్నాను.

తర్వాత మూడు నాలుగు నెలల్లో మా ల్యాబ్ ఇన్సిడెంట్లు పెరిగాయి! కాగితం మీద చూస్తే మేం చెడిపోయినట్టే. అసలు సంగతేంటంటే, అంతకుముందు దాచినవి ఇప్పుడు రాస్తున్నాం. చిన్నగా ఉండగానే దొరుకుతుండటంతో మళ్ళీ చేయాల్సిన టెస్టులు తగ్గాయి.

ఆయన నోట ఉత్త "గుడ్ జాబ్" ఎప్పుడూ వినలేదు. ఏం చేశామో, దానివల్ల ఏమైందో చెప్పేవారు. మునగచెట్టు ఎక్కించే మాటలు మాకు తెలియనివా? నెలనెలా ‘ఎంప్లాయీ ఆఫ్ ది మంత్’ ఫొటో కూడా పెట్టేవాళ్ళు. ఈసారి ఏ సెక్షన్ వంతో క్యాంటీన్‌లో ముందే తెలిసేది.

జీతం విషయం మాత్రం వేరు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 200 మంది దాకా ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ బృందం 1959లో చెప్పింది కూడా ఇదే: గుర్తింపు ఉత్సాహాన్నిస్తుంది, జీతం సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది, ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చదు. మాకు ఇంక్రిమెంట్లు ఆపిన ఏడాది ఓ పొద్దున ఆయన ఎవరినో మెచ్చుకుంటుంటే, వెనకనుంచి ఓ సీనియర్ "ఆ మాటేదో పే స్లిప్‌లో రాయించండి సార్" అన్నాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వారు గానీ, ఆ తర్వాత చాన్నాళ్ళు హ్యాండోవర్‌లో లాగ్‌బుక్ చూసి, సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు.