ఏఐ వస్తే ఏ పని మిగులుతుంది? పెండ్లి కార్డుల షాపు నుంచి నా జవాబు

ఇక్కడ ఒకరు అడిగారు: "మా తమ్ముడు దేవరకొండలో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం. ఏఐతో ఉద్యోగాలన్నీ పోతాయంటున్నారు. ఏ కోర్సు చేయిస్తే మంచిది?"

నల్లగొండలో ఇరవై ఆరేళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. పెండ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు మా పని. కోర్సుల సంగతి తర్వాత, ముందు మొన్న మాఘమాసంలో జరిగింది వినండి.

నకిరేకల్ దగ్గరి ఊరి అబ్బాయి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చెల్లెలి లగ్నపత్రిక ఫొటో తీసి ఏఐకి ఇచ్చి, కార్డు మొత్తం దానితోనే రాయించుకుని రాత్రి ఎనిమిదింటికి షాపుకొచ్చాడు. "అన్నా, ఎనిమిది వందలు కొట్టియ్యి. పొద్దున్నే పంచనీకి పోవాలె. ప్రూఫ్ అక్కర్లేదు, అన్నీ చూసిన" అన్నాడు. కార్డు చాలా అందంగా ఉంది. ఆ రంగులు, ఆ అంచు నేను చేయాలంటే ఒక రోజంతా పట్టేది.

అయినా చదవకుండా అచ్చుకివ్వడం నాకు చేతకాదు. గట్టిగా చదివాను. "గురువారం తెల్లవారుజామున 2.40 గంటలకు" అని ఉంది. లగ్నపత్రిక చూపించమన్నాను. పంతులు రాసింది "గురువారం రాత్రి 2.40, తెల్లవారితే శుక్రవారం" అని. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి ఆ రాత్రంతా గురువారమే. ఏఐ 2.40 చూసి తెల్లవారుజాము అని సర్దేసింది. అట్లనే అచ్చయితే చుట్టాలందరూ బుధవారం రాత్రే దిగేవాళ్లు. అప్పటికి ఫంక్షన్ హాల్ తాళం కూడా తీసి ఉండదు. ఇంకోటి, చనిపోయిన తాతకు పెట్టాల్సిన "కీ.శే." బతికున్న నాయనమ్మ పేరు ముందు కూడా పడింది. వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తే పసుపు అంటిన లగ్నపత్రిక పట్టుకుని పది గంటలకు బండి మీద వచ్చాడు. కార్డులో తల్లి పేరు చూసి స్టూలు మీద కూలబడిపోయాడు. చాలాసేపు మాట్లాడలేదు.

ఈ చదివే అలవాటు మా నాయిన నుంచి వచ్చింది. ఆయన ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటర్. తిరగేసి ఉండే సీసపు అక్షరాలను గుణింతాలు, ఒత్తులతో సహా వందల గళ్లలోంచి ఏరి పేర్చేవాడు. 1990ల చివర్లో ఓనరు కంప్యూటర్ కొన్నాడు. చేతి కంపోజింగ్ వాళ్లందరినీ పొమ్మని, మా నాయినను ఒక్కడినే ఉంచాడు, ప్రూఫ్ చూడటానికి. అక్షరాలు పేర్చే పని పోయినా చదివే పని పోలేదు. అందుకే ఏఐ అంటే నాకు టెన్షన్ లేదు. వట్టి టైపింగ్ మాత్రం ఇంకో ఐదేళ్లకు మించి నిలవదని గట్టిగా నమ్ముతున్నాను.

యంత్రం రాగానే పని మారిపోతుందని అందరూ అనుకుంటారు. ఏ ఫోన్లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు సరిగ్గా కనిపించేలా చేసే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మాలాంటి చాలా షాపులు మాత్రం ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌ను, పాత ఫాంట్లను వదల్లేదు. ఆ ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ వాట్సాప్‌లో పంపితే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు చెదిరిపోతాయి. ఇరవై ఏళ్ల ఫైళ్లు నా దగ్గర అట్లనే పడి ఉన్నాయి. పెండ్లివాళ్లు ఫోన్లలోనే మ్యాటర్ పంపడం మొదలుపెట్టాకే నేను యూనికోడ్ నేర్చుకున్నాను. మా పని గిరాకీని బట్టే మారింది. ఫ్లెక్సీ విషయంలో మాత్రం ఉల్టా అయింది. గోడల మీద అంత చక్కటి అక్షరాలు రాసిన పెయింటర్లను రెండు మూడేళ్లలో రోడ్డున పడేసింది. వాళ్లను పిలిచి ఇంకో పని నేర్పించినవాళ్లు లేరు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, మా నల్లగొండలో ఐటీ టవర్లు తెరిచారు. మంచిదే. కానీ మన పిల్లలకు అందులోకి దారి చూపిస్తామని మూడు నెలల కోర్సుకు వేలు గుంజి, చేతిలో సర్టిఫికెట్ పెట్టే సెంటర్లను చూస్తే కడుపు మండుతుంది. అట్లాంటి సర్టిఫికెట్‌తో నా దగ్గర పనికొచ్చిన పిల్లలకు "కీ.శే." అంటే ఏంటో తెలియదు, "మేనమామ" అని రాయమంటే ఆగి ఆలోచిస్తారు.

కాబట్టి మీ తమ్ముడిని కోర్సుకు పంపే ముందు ఒక పని చేయండి. ఏఐ ఫోన్‌లోనే ఉంది, అది వాడటం వారంలో వచ్చేస్తుంది. ఇంట్లో దాచిన పాత పెండ్లి కార్డులు తీసి, రోజుకొకటి అతనితో గట్టిగా చదివించండి. ముహూర్తం ఏ రాత్రి, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ పేరు ముందు ఏముండాలి అని అడగండి. బీకాం కదా, తర్వాత మీ వీధి కిరాణా షాపు బిల్లు బుక్కు కూడా చేతిలో పెట్టి తప్పు ఎక్కడుందో పట్టుకోమనండి.